బయాప్సీ రిపోర్టులో ‘పాజిటివ్’ అంటే క్యాన్సరేనా?

ప్రశ్న: నా వయసు 44. పశ్చిమ గోదావరి జిల్లాలో టీచర్‌గా పనిచేస్తున్నాను. మా నాన్నగారు ఆరేళ్ల కిందట, 61వ ఏట కడుపు క్యాన్సర్‌తో పోయారు. ఆయనకు చుట్ట అలవాటు ఉండేది. ఏడాదిగా నాకు కడుపు ఉబ్బరం, తేన్పులు, మంట. ఎనిమిది నెలలుగా రోజూ పొద్దున్నే పాంటాప్రజోల్ అనే గ్యాస్ మాత్ర వేసుకుంటున్నాను. ఈమధ్య ఎండోస్కోపీ చేసి కడుపు కింది భాగం నుంచి రెండు ముక్కలు తీశారు. రిపోర్టులో ‘ఇంటెస్టినల్ మెటాప్లేసియా, డిస్‌ప్లేసియా లేదు’ అని రాసి, కింద ‘సీడీఎక్స్2 పాజిటివ్, పి53 వైల్డ్ టైప్, ఈ-క్యాడ్‌హెరిన్ నిలిచి ఉంది, కేఐ-67 20 శాతం’ అని ఇచ్చారు. కడుపులో ఉండే పైలోరి క్రిమి పరీక్ష నెగటివ్. రక్తంలో సీఈఏ అనే ట్యూమర్ మార్కర్ మార్చిలో 2.1 ఉంటే ఇప్పుడు 2.9కి పెరిగింది. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు రోజుకో పరిశోధన పంపిస్తూ, ‘అక్కా, హెర్2, క్లాడిన్, పీడీ-ఎల్1 కూడా చేయించు’ అంటున్నాడు. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఇది క్యాన్సర్ మొదలైనట్టేనా? మూడు నెలలకోసారి ట్యూమర్ మార్కర్లు చూపించుకోవాలా? మా పిల్లలకు కూడా వస్తుందా? నాన్నగారి పాత బయాప్సీ కాగితం కూడా జత చేస్తున్నాను. దయచేసి పేరు వేయొద్దు.

సమాధానం:

టీచరుగారూ,

ముందు మీరు వినాలనుకుంటున్న మాట చెప్పేస్తాను. మీ కడుపులోంచి తీసిన ఆ రెండు ముక్కల్లో క్యాన్సర్ లేదు. క్యాన్సర్‌కు ముందు మెట్టయిన డిస్‌ప్లేసియా కూడా లేదు. ‘పాజిటివ్’ అన్న మాట చూసి మీరు ఇన్ని రాత్రులు నిద్ర లేకుండా గడిపారంటే అందులో, బయాప్సీ ముక్కల్ని మైక్రోస్కోపులో చూసి రిపోర్టు రాసే మా పాథాలజిస్టుల తప్పు కూడా ఉంది. మేము ఒక అర్థంతో రాసే మాటను ఇంటికి వెళ్లాక ఇంకో అర్థంతో చదువుకుంటారు. చాలా ఏళ్ల కిందట నేనే ఒక రిపోర్టులో సీడీఎక్స్2 పాజిటివ్ అని రాసి పంపితే, ఆ పెద్దాయన మా ల్యాబు మెట్ల మీదే కూలబడి ఏడ్చారు. పక్కన కొడుకు ఆ కాగితం పట్టుకుని ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డాడు. ఆ రోజు నుంచి ఆ లైను కింద ‘ఇది క్యాన్సర్ గుర్తు కాదు’ అని తెలుగులో రాసి మరీ పంపుతున్నాను.

మీ కాగితాల్లో నా చూపు ఆగిన చోటు వేరే ఉంది. దాని గురించి మీరు అడగనే లేదు. అక్కడికి తప్పకుండా వస్తాను, ముందు ఈ ప్రొటీన్ల భయం తీరనివ్వండి.

ఎండోస్కోపీలో తీసే ముక్క సగ్గుబియ్యం గింజంత ఉంటుంది. ఫార్మలిన్ సీసాలో మా దగ్గరికి వస్తుంది. దాన్ని మైనంలో పోతపోసి, ఉల్లిపొర కన్నా ఎన్నో రెట్లు పల్చగా కోసి, గాజు పలక మీద పరిచి రంగులు అద్దుతాం. కణం నడుమ ఉండే కేంద్రకం నీలంగా, మిగతాది గులాబీగా తేలుతుంది. మామూలు కడుపు పొరలో కణాలు ఒకే తీరుగా బారులు తీరి నిలబడి ఉంటాయి. మీలాంటి వారి స్లైడులో ఆ బారుల మధ్య అక్కడక్కడా చిన్న చిన్న కుండలు పెట్టినట్టు కనిపిస్తాయి. మూతి సన్నగా, పొట్ట ఉబ్బి, లోపల జిగురు నింపుకున్న కణాలవి. వాటి చోటు పేగు. కడుపులో కనిపించాయంటే, అక్కడ కడుపు పొర తన రూపు వదిలి పేగు పొరలా మారిపోయిందని అర్థం. ఏళ్ల తరబడి మంటను, వాపును తట్టుకోలేక అలా మారుతుంది. దానికే ఇంటెస్టినల్ మెటాప్లేసియా అని పేరు.

ఇక సీడీఎక్స్2. పేగు కణానికి ‘నువ్వు పేగువి’ అని చెప్పే ప్రొటీన్ ఇది. మామూలు కడుపు కణంలో ఉండదు. ఒక ప్రొటీన్ ఉందో లేదో చూడాలంటే, దాన్ని మాత్రమే వెతికి పట్టుకునే యాంటీబాడీని స్లైడు మీద వేస్తాం. ప్రొటీన్ ఉన్నచోట అది అతుక్కుంటుంది, అక్కడ గోధుమరంగు తేలేలా చేస్తాం. రంగు తేలితే పాజిటివ్, తేలకపోతే నెగటివ్. ఆ మాటకు మా భాషలో ఇంతకు మించి అర్థం లేదు. కొన్ని ప్రొటీన్లు పాజిటివ్ రావడం మంచిది, కొన్ని రాకపోవడం మంచిది. మీ ముక్కల్లో పేగులా మారిన కణాలున్నాయని పై లైనులో రాశారు. ఆ కణాల్లో పేగు ప్రొటీన్ ఉందని కింది లైనులో రాశారు. రెండూ ఒకే సంగతి. మీరు దాన్ని రెండో దుర్వార్తలా చదివారు.

ఈ-క్యాడ్‌హెరిన్ ‘నిలిచి ఉంది’ అన్నది మీకు శుభవార్త. కణాన్ని పక్క కణానికి అతికించి ఉంచే ప్రొటీన్ ఇది. రంగు వేసి చూస్తే కణాల అంచుల వెంట గోధుమ గీతలు పడి, గళ్ల చీర పరిచినట్టు ఉంటుంది. కడుపు క్యాన్సర్‌లో ఒక రకం ఉంది, డిఫ్యూజ్ రకం అంటారు. అందులో ఆ గళ్లు చెరిగిపోతాయి. ఒకదాన్నొకటి పట్టుకుని ఉండాల్సిన కణాలు విడివిడిగా జారిపోయి, కడుపు గోడలోకి ఒక్కొక్కటిగా పాకుతాయి. గడ్డ కట్టకుండా లోలోపల వ్యాపిస్తుంది కాబట్టి ఎండోస్కోపీలో కూడా దాన్ని పట్టుకోవడం కష్టం. న్యూజిలాండ్‌లో ఒక మావోరి కుటుంబంలో తరతరాలుగా చిన్న వయసువాళ్లు కడుపు క్యాన్సర్‌తో పోతుంటే, ఆ కుటుంబమే శాస్త్రవేత్తల దగ్గరికి వెళ్లి కారణం వెతకమని అడిగింది. ఈ ప్రొటీన్‌ని తయారుచేసే సీడీహెచ్1 అనే జన్యువులో లోపం ఆ ఇంట్లో పారంపర్యంగా వస్తోందని 1998లో తేలింది. మీ నాన్నగారి పాత కాగితం అందుకే జాగ్రత్తగా చదివాను. ఆయనది ఆ రకం కాదు. గ్రంథులు కట్టే రకం, పైగా 61 ఏళ్ల వయసులో వచ్చింది, మీ కుటుంబంలో మరెవరికీ ఉన్నట్టు మీరు రాయలేదు. ఆ జన్యు పరీక్ష కోసం మీరు పరుగెత్తాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు.

పి53 గురించి అందరూ తిరగేసి అర్థం చేసుకుంటారు. ఇది 1979లో బయటపడిన ప్రొటీన్. డీఎన్‌ఏ దెబ్బతిన్న కణాన్ని ఆపి, బాగు చేయించడమో, బాగుపడకపోతే చనిపోయేలా చేయడమో దీని పని. కాపలా పూర్తయ్యాక నిలవ ఉండకుండా, ఆరోగ్యంగా ఉన్న కణం దాన్ని తయారైన కాసేపటికే విరగ్గొట్టేస్తుంది. అందుకే మంచి కణాల్లో రంగు అక్కడొకటి, ఇక్కడొకటి, ఒకచోట ముదురుగా, ఒకచోట లేతగా చెదురుమదురుగా కనిపిస్తుంది. ‘వైల్డ్ టైప్’ అంటే ఇదే, సహజంగా ఉందని. ‘వైల్డ్’ అన్న మాట భయంకరంగా వినిపిస్తుందిగానీ అది మంచి మాట. జన్యువు చెడితే విరగని ప్రొటీన్ తయారై పేరుకుపోతుంది, అప్పుడు కణాలన్నీ ముదురు గోధుమగా కనిపిస్తాయి. లేదంటే అసలు తయారే కాదు, అప్పుడు ఒక్క చుక్క రంగు కూడా ఉండదు. అంటే పూర్తిగా ఉన్నా తేడానే, పూర్తిగా లేకపోయినా తేడానే. మీది రెండూ కాదు.

కేఐ-67 విభజన చెందుతున్న కణాలను చూపించే గుర్తు. 1983లో జర్మనీలోని కీల్ నగరంలో వెలుగులోకి వచ్చింది, పేరులో మొదటి రెండక్షరాలు ఆ ఊరివే. కడుపు లోపలి పొర కొద్ది రోజులకోసారి కొత్తగా మారుతూనే ఉంటుంది కాబట్టి విభజన లేని కడుపు ఉండదు. 20 శాతం అంటే ‘వందకు ఇరవై వంతులు క్యాన్సర్’ అని మీరు లెక్క వేసుకున్నారని మీ ఉత్తరం చూస్తే అనిపించింది. అలా కాదమ్మా. లెక్కపెట్టిన వంద కణాల్లో ఇరవై కణాలు ఆ సమయంలో విభజన పనిలో ఉన్నాయి, అంతే. అంకె కన్నా మాకు చోటు ముఖ్యం. విభజన గ్రంథుల మెడ దగ్గర జరిగితే మామూలు, ఉపరితలం దాకా ఎగబాకితే అనుమానం. మీ రిపోర్టులో డిస్‌ప్లేసియా లేదని విడిగా రాశారు కాబట్టి ఆ అనుమానం కూడా అక్కర్లేదు.

మరి ఈ మెటాప్లేసియా ఎక్కడ నిలబడిందో తెలియాలిగా? కొలంబియాలో పుట్టిన పెలాయో కొరియా అనే పాథాలజిస్టు, అక్కడి కొండ ప్రాంతాల్లో కడుపు క్యాన్సర్ ఎందుకంత ఎక్కువో చూస్తూ, ఇది ఒక్క రోజులో వచ్చే జబ్బు కాదని, మెట్లు మెట్లుగా వస్తుందని 1975లో సహచరులతో కలిసి రాశారు. మొదట ఏళ్ల తరబడి వాపు. తర్వాత గ్రంథులు సన్నగిల్లిపోవడం. తర్వాత మెటాప్లేసియా. ఆ తర్వాత డిస్‌ప్లేసియా. ఆఖరున క్యాన్సర్. ఒక్కో మెట్టుకూ ఏళ్లు, ఒక్కోసారి దశాబ్దాలు పడుతుంది. చాలామంది తమ మెట్టు మీదే జీవితమంతా ఆగిపోతారు. నెదర్లాండ్స్‌లో 90 వేల మందికి పైగా రోగుల రికార్డులు తీసి 2008లో లెక్క చెప్పారు. మెటాప్లేసియా ఉన్నవాళ్లలో ఏడాదికి క్యాన్సర్ వచ్చింది 0.25 శాతానికి. అంటే వెయ్యి మందిలో ఇద్దరు ముగ్గురు. తీవ్రమైన డిస్‌ప్లేసియా ఉన్నవాళ్లలో మాత్రం అది 6 శాతం. అందుకే మేము మీ రిపోర్టులో ‘డిస్‌ప్లేసియా లేదు’ అన్న మాటకు అంత విలువ ఇస్తాం. కన్నతండ్రికి ఈ జబ్బు వచ్చింది కాబట్టి మీ రిస్క్ మిగతావాళ్ల కన్నా కొంత ఎక్కువే, దాన్ని నేను దాచను. దానికి తగ్గ జాగ్రత్త కూడా చెబుతాను.

ఇప్పుడు ట్యూమర్ మార్కర్లు, అంటే క్యాన్సర్ జాడ కోసం చేసే రక్త పరీక్షలు. సీఈఏని 1965లో కెనడాలోని మాంట్రియల్‌లో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ కనిపెట్టారు. పెద్ద పేగు క్యాన్సర్‌లోనూ, గర్భంలోని పిండం పేగులోనూ దొరికిన ప్రొటీన్ అది. దొరికినప్పుడు, ఒక్క రక్తపు చుక్కతో క్యాన్సర్‌ను ముందే పట్టేయొచ్చని ఎంతో ఆశపడ్డారు. ఆ ఆశ నెరవేరలేదు. కడుపు క్యాన్సర్ మొదటి దశలో చాలామందికి సీఈఏ మామూలుగానే ఉంటుంది. అదే సిగరెట్ కాల్చేవాళ్లకు ఏ క్యాన్సర్ లేకుండానే పెరుగుతుంది. సీఏ 19-9 అనే ఇంకో మార్కర్ అయితే పిత్తనాళంలో రాయి అడ్డుపడినా పెరుగుతుంది. లూయిస్ అనే రక్త గుణం లేని కొద్దిమంది శరీరం ఆ పదార్థాన్ని అసలు తయారే చేయలేదు, వాళ్లకు క్యాన్సర్ ముదిరినా ఆ పరీక్ష దాదాపు సున్నా చూపిస్తుంది. ఇవి ఎందుకు పనికొస్తాయంటే, జబ్బు ఉందని తేలి చికిత్స జరిగిన మనిషిలో అది తిరగబెడుతోందా అని గమనించడానికి. మీ 2.1, 2.9 రెండూ మీ ల్యాబు కాగితం మీద అచ్చయిన 5 అనే హద్దులోపలే ఉన్నాయి. అంత మాత్రపు తేడా ఒకే మనిషిలో ఒక నెలకూ ఇంకో నెలకూ ఊరికే వస్తుంది, ల్యాబు మారితే ఇంకా వస్తుంది. కాబట్టి మూడు నెలలకోసారి చేయించకండి. డబ్బు పోవడం ఒక ఎత్తు, అంకె ఒక చుక్క పెరిగిన ప్రతిసారీ మీరు పడే నరకం ఇంకో ఎత్తు. దానికన్నా ప్రమాదం, అంకె బాగుందని ధైర్యపడి ఎండోస్కోపీ మానేయడం.

రక్తంలో చూసే ప్రొటీన్లలో కడుపు సంగతి కాస్త నిజాయితీగా చెప్పేది పెప్సినోజెన్. ఇది కడుపు సొంత పంట. మాంసకృత్తులను అరిగించే పెప్సిన్‌కు ముడిసరుకు. ఇందులో ఒకటో రకాన్ని కడుపు పైభాగం, నడిభాగంలోని గ్రంథులు మాత్రమే పండిస్తాయి. రెండో రకాన్ని కడుపంతా పండిస్తుంది. నడిభాగం ఎండిపోతే ఒకటో రకం తగ్గిపోతుంది, రెండోది అలాగే ఉంటుంది. ఎగువ చేను ఎండి దిగువ చేను పచ్చగా ఉంటే రెండు చేల ధాన్యం తూకం తేడా కొట్టినట్టే. జపాన్‌లో ఒకటో రకం 70 నానోగ్రాములకు, రెండింటి నిష్పత్తి 3కు మించకపోతే పొర సన్నగిల్లిందని లెక్కవేస్తారు. అక్కడ కూడా దీన్ని క్యాన్సర్ ఉందని చెప్పడానికి వాడరు, ఎవరికి ఎండోస్కోపీ ముందు చెయ్యాలో ఎంచుకోవడానికి వాడతారు. మీకు ఎండోస్కోపీయే చేసేశారు కాబట్టి ఇప్పుడు దీని అవసరం తక్కువ. పైగా పాంటాప్రజోల్ వేసుకునేవాళ్లలో ఈ అంకె ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది.

మీ తమ్ముడు చెప్పిన హెర్2, పీడీ-ఎల్1, క్లాడిన్ 18.2 మంచి పరీక్షలే. అయితే అవి క్యాన్సర్ ఉందని తేలాక, ఏ మందు పనిచేస్తుందో ఎంచుకోవడానికి క్యాన్సర్ ముక్క మీద చేసేవి. కడుపు క్యాన్సర్లలో నూటికి పదిహేను ఇరవై మందిలో హెర్2 ఎక్కువగా ఉంటుంది, వాళ్లకు ట్రాస్టుజుమాబ్ అనే మందు కలిపితే ఆయుష్షు పెరుగుతుందని 2010లో తేలింది. క్లాడిన్ 18.2 అయితే మామూలు కడుపు పొరలో కూడా ఉంటుంది. మీ ముక్క మీద చేస్తే పాజిటివ్ అనే రావచ్చు, మళ్లీ మీకు నిద్ర పట్టదు. తాళం లేని తలుపుకు తాళంచెవి వెతికినట్టు అవుతుంది. తమ్ముడి ప్రేమ నాకు అర్థమైంది. దూరంగా ఉన్నవాళ్లకు చేతిలో ఉన్నది చదవడం ఒక్కటే కాబట్టి చదివి పంపుతున్నాడు. అతను చేయాల్సిన అసలు పని ఒకటి ఉంది, చివర చెబుతాను.

ఇప్పుడు నా చూపు ఆగిన మాట. ‘పైలోరి పరీక్ష నెగటివ్.’

నేను దాన్ని నమ్మలేకపోతున్నాను. కారణం మీ ఉత్తరంలోనే ఉంది. ఎనిమిది నెలలుగా మీరు రోజూ పాంటాప్రజోల్ వేసుకుంటున్నారు, ఎండోస్కోపీకి ముందు ఆపినట్టు ఎక్కడా రాయలేదు. ఆ మాత్ర యాసిడ్‌ను తగ్గించినప్పుడు హెలికోబ్యాక్టర్ పైలోరి అనే ఈ క్రిమి చావదు, సంఖ్య తగ్గి కడుపు పైభాగంలోకి సర్దుకుంటుంది. అప్పుడు కింది భాగం నుంచి ముక్క తీసి పరీక్షిస్తే లేదనే చూపిస్తుంది. దానికి తోడు, మెటాప్లేసియా వచ్చిన చోట ఈ క్రిమి సరిగా బతకలేదు. మీకు తీసిన రెండు ముక్కలూ అదే చోటివి. అంటే దొంగ ఇల్లు మారాక పాత ఇంటి తలుపు తట్టి, ఎవరూ లేరని రాసుకొచ్చినట్టయింది.

ఇది ఎందుకంత ముఖ్యమో చెబుతాను. ఆస్ట్రేలియాలోని పెర్త్‌కు చెందిన రాబిన్ వారెన్, బారీ మార్షల్ 1980ల మొదట్లో కడుపులో ఈ క్రిమిని పట్టుకున్నప్పుడు, అంత యాసిడ్‌లో క్రిమి ఎలా బతుకుతుందని చాలామంది నమ్మలేదు. మార్షల్ 1984లో ఆ క్రిముల్ని తనే తాగి, కొద్ది రోజుల్లో కడుపు వాపు తెచ్చుకుని నిరూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1994లోనే దీన్ని క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో చేర్చింది. ఈ క్రిమిలో కొన్ని జాతుల దగ్గర కాగ్-ఏ అనే ప్రొటీన్ ఉంటుంది. సూదిలాంటి పరికరంతో దాన్ని మన కడుపు కణంలోకి ఎక్కిస్తాయి. అది లోపలికి వెళ్లి కణం పెరుగుదల సంకేతాలను తారుమారు చేస్తుంది, కణాల మధ్య అతుకును వదులు చేస్తుంది. మీ రిపోర్టులో ఉన్న ప్రొటీన్లన్నీ మన కణాలవి, జరిగినదాన్ని చూపించేవి. ఈ ప్రొటీన్ క్రిమిది, జరగబోయేదాన్ని నడిపించేది. దీన్ని మనం రెండు వారాల మందులతో వెళ్లగొట్టగలం.

మన దేశంలో పెద్దవాళ్లలో సగానికి పైగా ఈ క్రిమి ఉంటుంది, వాళ్లలో చాలా కొద్దిమందికే క్యాన్సర్ వస్తుంది. అందరికీ పరీక్షలు చేసి మందులు పోయమని నేను అనను. మీ సంగతి వేరు. తండ్రికి జబ్బు, మీకు మెటాప్లేసియా. మీలాంటి కుటుంబాల మీద దక్షిణ కొరియాలో ఒక పరిశోధన చేసి 2020లో ప్రచురించారు. తల్లిదండ్రులకో, తోబుట్టువులకో కడుపు క్యాన్సర్ వచ్చి, తమలో పైలోరి ఉన్నవాళ్లను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు క్రిమిని చంపే మందులు, రెండో గుంపుకు ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి తొమ్మిదేళ్లకు పైగా గమనించారు. ఉత్తుత్తి మాత్రలు తీసుకున్న 844 మందిలో 23 మందికి క్యాన్సర్ వచ్చింది. మందులు తీసుకున్న 832 మందిలో 10 మందికే వచ్చింది. ఏ ట్యూమర్ మార్కరూ మీకు ఇంత మేలు చేయలేదు.

కాబట్టి మీరు మొదట చేయాల్సింది ఇది. మీ డాక్టరుతో మాట్లాడి పాంటాప్రజోల్ రెండు వారాలు పూర్తిగా ఆపండి. ఈ మధ్యలో జ్వరానికో, పంటికో యాంటీబయాటిక్ వాడి ఉంటే అది ఆపాక నాలుగు వారాలు ఆగండి. మాత్ర ఆపిన మొదటి వారం మంట ఎక్కువగానే ఉంటుంది, డాక్టరు చెబితే జెల్ మందుతో నెట్టుకురావచ్చు. తర్వాత యూరియా బ్రెత్ టెస్ట్ గానీ, మలంలో పైలోరి యాంటిజెన్ పరీక్ష గానీ చేయించండి. ఊపిరి పరీక్ష పెద్ద ఊళ్లలో దొరుకుతుంది, రెండోది కాస్త పెద్ద ల్యాబులు శాంపిల్ తీసుకుని చేయించి పెడతాయి. రక్తంలో యాంటీబాడీ పరీక్ష మాత్రం వద్దు, ఎప్పుడో వచ్చి పోయిన క్రిమికి కూడా అది పాజిటివ్ అంటుంది. మాత్ర ఆపి చేసిన పరీక్ష కూడా నెగటివ్ వస్తే అప్పుడు నేనూ నమ్ముతాను.

పాజిటివ్ వస్తే ఈసారి ఆ మాటకు మీరు భయపడకూడదు. చేతిలో ఒక పని దొరికిందని అర్థం. రెండు మూడు యాంటీబయాటిక్‌లు, యాసిడ్ తగ్గించే మాత్ర, తరచుగా బిస్మత్ అనే ఇంకో మందు కూడా కలిపి 14 రోజులు ఇస్తారు. నోట్లో ఇనుము నాకినట్టు చేదు, వికారం ఉంటాయి. బిస్మత్ వల్ల మలం నల్లగా వస్తుంది, కంగారు పడకండి. అయిదో రోజుకి కడుపు తేలికైందని ఆపేసేవాళ్లను ఎంతమందినో చూశాను. అలా ఆపితే మిగిలిన క్రిములకు ఆ మందు మళ్లీ పనిచేయదు. మన దగ్గర కొన్ని యాంటీబయాటిక్‌లకు ఈ క్రిమి ఇప్పటికే మొండిగా తయారైంది. అందుకే కోర్సు అయిన నాలుగు వారాలకు, మళ్లీ రెండు వారాలు గ్యాస్ మాత్ర ఆపి, క్రిమి పోయిందో లేదో పరీక్షించుకోవాలి. ఈ రెండో పరీక్షను చాలామంది వదిలేస్తారు. మీరు వదలకండి.

రెండో పని, కడుపు మ్యాపు. ఒకే చోట నుంచి తీసిన రెండు ముక్కలతో ఈ మార్పు ఎంత దూరం పాకిందో తెలియదు. కింది భాగం నుంచి రెండు, మలుపు దగ్గర ఒకటి, నడిభాగం నుంచి రెండు, ఇలా అయిదు ముక్కలు తీసి, చోటు పేరు రాసిన వేర్వేరు సీసాల్లో పంపాలి. అన్నీ ఒకే సీసాలో కలిపేస్తే ఏది ఎక్కడిదో మాకు తెలిసే దారి లేదు. క్రిమి పని పూర్తయ్యాక, ఈ ఏడాదిలోపు అలా మళ్లీ ఒకసారి చేయమని మీ గ్యాస్ట్రో డాక్టరును అడగండి. తొందరపడకుండా కనీసం ఏడు నిమిషాలు చూడాలని ఈ రంగంలో నియమం ఉంది. మెటాప్లేసియా ‘కంప్లీటా, ఇన్‌కంప్లీటా’ అని రాయమని పాథాలజిస్టును కూడా అడగండి. చిన్నపేగు పోలికలో ఉంటే మొదటిది, పెద్దపేగు పోలికలో ఉంటే రెండోది. రెండోదానికి రిస్క్ ఎక్కువ. మార్పు కింది భాగానికే పరిమితమైతే, తండ్రికి జబ్బు ఉంది కాబట్టి, మూడేళ్లకోసారి ఎండోస్కోపీ చాలు. పైకి కూడా పాకి ఉంటే ఏడాది నుంచి రెండేళ్లకోసారి. మూడు నెలల లెక్క ఎక్కడా లేదు. క్రిమి పోయినా మెటాప్లేసియా చాలామందిలో అలాగే నిలిచిపోతుంది, రెండో బయాప్సీలో మళ్లీ అదే మాట చూసి చికిత్స ఫెయిలైందని అనుకోకండి. వాపు చల్లారి, పై మెట్టు ఎక్కే అవకాశం తగ్గుతుంది. మనకు కావలసింది అదే.

తిండి గురించి మీరు అడగలేదుగానీ అందరూ అడిగేదే. ఉప్పులో ఊరబెట్టిన, ఉప్పు పట్టించి ఎండబెట్టినవి ఎక్కువగా తినే దేశాల్లో ఈ జబ్బు ఎక్కువ. ఆవకాయ ముట్టొద్దని నేను చెప్పను. రోజూ రెండు పూటలా పెద్ద ముద్ద కలుపుకునే అలవాటు ఉంటే తగ్గించండి, ఉప్పు చేప అప్పుడప్పుడే తినండి, పళ్లూ కూరగాయలూ పెంచండి. మీ నాన్నగారి చుట్ట మాత్రం కారణాల్లో ఒకటి అయ్యుండొచ్చు. పొగాకు కడుపు క్యాన్సర్‌కు కూడా దారి తీస్తుందని మన ఇళ్లలో చాలామందికి తెలియదు, ఊపిరితిత్తుల దగ్గరే ఆగిపోతారు.

కారణం లేకుండా బరువు తగ్గడం, తారులాంటి నల్లటి మలం, పదేపదే వాంతులు, ముద్ద దిగకపోవడం, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం, రక్తహీనత, వీటిలో ఏది కనిపించినా మూడేళ్ల లెక్క పక్కన పెట్టి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఐరన్ మాత్రలకు కూడా మలం నల్లబడుతుంది, ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.

పిల్లలకు ఇప్పుడు ఏ పరీక్షా వద్దు. ఎండోస్కోపీలు, రక్తంలో మార్కర్లు అంటూ వాళ్లను భయపెట్టకండి. పైలోరి ఎక్కువగా చిన్నతనంలోనే, ఇంట్లోవాళ్ల నుంచే అంటుకుంటుంది. మీకు పాజిటివ్ వస్తే ఇంట్లో పెద్దవాళ్లు పరీక్ష చేయించుకోవచ్చు, పిల్లలు పెద్దయ్యాక ఒకసారి చేయించుకుంటే సరిపోతుంది.

ఇక మీ తమ్ముడు. అతనూ అదే తండ్రి కొడుకు, అదే ఇంట్లో, అదే కంచాల్లో తిని పెరిగినవాడు. మీ కోసం ఇన్ని చదివిన మనిషి తన కడుపు సంగతి చూసుకున్నాడో లేదో మీ ఉత్తరంలో లేదు. ఈ సమాధానం అతనికి పంపండి. నాన్నగారి బయాప్సీ కాగితం కూడా ఫొటో తీసి పంపండి, అక్కడి డాక్టరు మొట్టమొదట అడిగేది దాన్నే. డల్లాస్‌లో ఊపిరి పరీక్ష సులువుగానే దొరుకుతుంది. గ్యాస్ మాత్ర వాడుతుంటే రెండు వారాల ముందు ఆపమని మాత్రం మరిచిపోకుండా చెప్పండి.